చేపల, రొయ్యల చెరువు షెడ్డులో యాసిడ్, బ్లీచింగ్, ఫార్మలిన్: దించేటప్పటి జాగ్రత్తలు, ఒలికితే ఎత్తే పద్ధతి

"యాసిడ్ క్యాన్ పగిలిందండి, ఊక పోసేయొచ్చా?" "బ్లీచింగ్ తడిసి పొగలు కక్కుతోంది, నీళ్లు కొట్టమంటారా?" భీమవరం, ఉండి, ఆకివీడు, మొగల్తూరు వైపు నుంచి ఇలాంటి ఫోన్లు ఏటా వస్తూనే ఉంటాయి. పట్టుబడి అయిపోయి, తరవాతి పంటకు చెరువు తయారుచేసుకునే రోజుల్లో మరీ ఎక్కువ. ఒక్కొక్కరికీ ఫోన్లో సగం సగం చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

నేల మీద ఏది ఒలికినా మన చేతులకు రెండే పనులు తెలుసు. ఊక చల్లడం, లేదంటే నీళ్లు కొట్టడం. డీజిల్‌కు ఊక బాగానే పనిచేస్తుంది. అదే ఊక బ్లీచింగ్‌కో పెరాక్సైడ్‌కో తగిలితే నిప్పు రాజుకోవచ్చు. పెరాక్సైడ్‌కు నీళ్లే మందు. అవే నీళ్లు కాల్చిన సున్నం గుట్ట మీద కాసిని పోస్తే సలసల కాగుతాయి. ఒలికింది ఏమిటో తెలిసేదాకా ఊక తట్ట ముట్టుకోవద్దు, మోటారు వేయొద్దు.

## 1. షెడ్డులో ఏముందో ముందు రాసుకోండి

ఒక పూట కేటాయించి ప్రతి క్యాను, బస్తా, డబ్బా ముందు నిలబడి నోట్‌బుక్కులో రాయండి. పేరు, ఎంత శాతం, ఎంత సరుకు, ఎప్పుడు తెచ్చారు. ఈ నాలుగు చాలు. శాతం మాత్రం వదలొద్దు. మామూలు బ్లీచింగ్‌లో క్లోరిన్ 30 నుంచి 35 శాతం ఉంటే, గట్టి రకంలో 65 నుంచి 70 శాతం ఉంటుంది. రెండూ తెల్లగానే ఉంటాయి, ఒలికినప్పుడు ప్రమాదం మాత్రం ఒకటి కాదు.

మన చెరువుల దగ్గర, హేచరీల్లో సాధారణంగా కనబడేవి:

- హైడ్రోక్లోరిక్ యాసిడ్ (ట్యాంకులు, పైపులు కడగడానికి), జనరేటర్ బ్యాటరీలోని యాసిడ్
- బ్లీచింగ్
- హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎక్కువగా 50 శాతం (రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతే వేసేది)
- పొటాషియం పర్మాంగనేట్
- క్రిములను చంపడానికి వాడే ఫార్మలిన్, గ్లూటరాల్డిహైడ్, బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్)
- మైలుతుత్తం
- కాల్చిన సున్నం
- డీజిల్, ఇంజనాయిలు
- మూలన పడి ఉన్న పాత పురుగు మందులు

చివరి వరుసను తేలిగ్గా తీసుకోకండి. డైక్లోర్వాస్ మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం. అయినా దాని పాత సీసాలు దూలాల మీద ఇంకా దొరుకుతున్నాయి. కనబడితే విడిగా ఒక డబ్బాలో పెట్టి మూత వేసి, పైన పేరు రాయండి. కాలవలో మాత్రం పారబోయకండి.

ప్రతి సరుకుకూ డీలరు దగ్గర సేఫ్టీ డేటా షీట్ అడగండి. 16 భాగాలుంటాయి. అన్నీ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. 4వ భాగం ప్రథమ చికిత్స, 6వది ఒలికితే ఏం చేయాలి, 7వది నిల్వ, 8వది ఒంటికి రక్షణ, 10వది దేనితో కలిస్తే ప్రమాదం. ఈ ఐదూ ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి షెడ్డు బయట తగిలించండి. లోపల తగిలిస్తే, అవసరమైన రోజున వాటి కోసమే లోపలికి వెళ్లాల్సి వస్తుంది.

## 2. ఏది దేని పక్కన ఉండకూడదు

అక్షరక్రమంలోనో, కంపెనీలవారీగానో సర్దితే షెడ్డు చూడ్డానికి బాగుంటుంది. ఈ జంటలు మాత్రం విడిపోవాలి.

బ్లీచింగ్, యాసిడ్. కలిస్తే క్లోరిన్ గ్యాస్. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే. ఒక గోడకు అటూ ఇటూ ఉంటే మంచిది, గది ఒకటే అయితే ఎదురెదురు మూలల్లో ఉండాలి.

బ్లీచింగ్, తినే సరుకు, యూరియా. తినే సరుకంటే తవుడు, మొలాసిస్, బెల్లం, చేప నూనె, మేత బస్తాలు. బ్లీచింగ్, పెరాక్సైడ్, పర్మాంగనేట్ మూడూ పక్కవాటిని మండించే రకం. చేప నూనె కారి బ్లీచింగ్ బస్తా కిందకు చేరితే అగ్గిపుల్ల అవసరం లేదు.

ఫార్మలిన్, పర్మాంగనేట్. హేచరీ గదులకు పొగ పెట్టడానికి ఈ రెంటినీ కావాలనే కలుపుతారు. అంటే కలిస్తే ఎంత గట్టిగా ఉడుకుతాయో మనకు తెలిసిన సంగతే. ఆ జంటను ఒకే బీరువాలో పెట్టడం ఎందుకు?

ఫార్మలిన్, యాసిడ్. వీటి ఆవిరి రెండూ కలిసేచోట క్యాన్సర్ కలిగించే పదార్థం పుట్టొచ్చు. దూరంగా పెట్టండి.

హైపో, యాసిడ్. క్లోరిన్ విరుగుడుకు వాడే హైపో (సోడియం థయోసల్ఫేట్) మీద యాసిడ్ పడితే గంధకం ఘాటు గ్యాస్ వస్తుంది.

డీజిల్, పైవన్నీ. డీజిల్‌కు వేరే పంచ చూడండి.

## 3. సర్దడం

మన నేల సంగతి తెలిసిందే. రెండు మూడు అడుగులు తవ్వితే చాలా చోట్ల నీరు ఊరుతుంది, వానాకాలంలో షెడ్డు గచ్చు కూడా చెమ్మెక్కుతుంది. అందుకే బస్తాలు నేల మీద వద్దు. ఎత్తు కోసం చెక్క బల్లలు వేస్తారు గానీ బ్లీచింగ్, పెరాక్సైడ్ కింద చెక్క కూడా వద్దు. ప్లాస్టిక్ ప్యాలెట్లు గానీ సిమెంటు దిమ్మలు గానీ పెట్టండి.

ద్రవాలు ఎప్పుడూ కింద, పొడులు పైన. క్యాన్లను భుజం ఎత్తు అరలో పెట్టకండి. ఒక్కో క్యానునూ ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నిలబెడితే కారినా టబ్బులోనే ఉంటుంది. నర్సరీ చెరువుకు వేసిన లైనర్ (ప్లాస్టిక్ పట్టా) ముక్కలు మిగిలితే పారేయకండి. ఆ ముక్కను నేల మీద పరిచి చుట్టూ జానెడు ఎత్తు ఇటుకల మీదికి మడిస్తే ఒక చిన్న మడి అవుతుంది. యాసిడ్ క్యాన్లన్నీ అందులో. పెరాక్సైడ్‌కు వేరే మడి.

పెరాక్సైడ్ క్యాను మూతకు గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. ఒక హేచరీలో కుర్రాడు వాసన రాకూడదని ఆ మూతకు పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు బిగించాడు. మర్నాడు నేను వెళ్లేసరికి క్యాను పొట్ట ఉబ్బి, నిలబడలేక పక్కకు ఒరిగింది. దూరం నుంచి పొడుగాటి వెదురు గెడకు కొడవలి కట్టి కవరు కోశాం. బుస్సుమని ఒక నిమిషం పాటు గాలి వచ్చింది. ఎండ తగిలినా, తుప్పు ముక్క పడినా, ఒకసారి బయటకు తీసిన మందును తిరిగి క్యానులో పోసినా అది లోపల్లోపలే గాలి పుట్టిస్తుంది.

ఇంకొక్క మాట. కరెంటు ప్యానెల్ బోర్డు ఉన్న గదిలో యాసిడ్, బ్లీచింగ్ రెండూ వద్దు. ఆవిరికి కాంటాక్టులు తినేస్తాయి. అర్ధరాత్రి చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయాక ఎందుకు ఆగాయో తెలియక టెన్షన్ పడేవాళ్లలో కొందరి కథ ఇదే.

## 4. నీలం డ్రమ్ము

స్పిల్ కిట్ అని వేలు పోసి కొననక్కర్లేదు. మూత ఉన్న ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకుని, షెడ్డు బయట, గాలి ఎక్కువగా వచ్చే దిక్కున పెట్టండి. లోపల ఇవి:

- పొడి ఇసుక, మోయగలిగే చిన్న సంచుల్లో, మొత్తం 50 కిలోలకు తగ్గకుండా
- సోడా బైకార్బ్ (తినే సోడా) 25 కిలోల బస్తా ఒకటి, తడవకుండా
- జియోలైట్ ఒక బస్తా
- ప్లాస్టిక్ పార, ప్లాస్టిక్ చాట, గట్టి నైలాన్ చీపురు
- మూత ఉన్న ఖాళీ బకెట్లు రెండు, ఒకటి బ్లీచింగ్‌కే అని రాసి
- మోచేతిదాకా వచ్చే రబ్బరు గ్లవ్స్ రెండు జతలు, కళ్లకు చుట్టూ మూసుకునే అద్దాలు రెండు, గమ్ బూట్లు
- హైపో 5 కిలోలు, విడి డబ్బాలో
- పీహెచ్ కిట్, క్లోరిన్ కిట్
- లైనర్ ముక్క, తాడు, టార్చి

ఇందులో సగం మీ షెడ్డులో ఇప్పటికే ఉంది. చెరువులో ఆల్కలినిటీ కోసం తెచ్చే బైకార్బే యాసిడ్‌కు విరుగుడు. అడుగు మట్టికి వేసే జియోలైటే ఫార్మలిన్‌ను పీల్చుకుంటుంది. పంటకు వాడే బస్తాలు ఎలాగూ అయిపోతాయి కాబట్టి, డ్రమ్ములోవి ముట్టుకోవద్దని గుమాస్తాకు గట్టిగా చెప్పండి.

డ్రమ్ము పక్కనే ఒక కుళాయి ఉన్న మంచినీళ్ల డ్రమ్ము, 200 లీటర్లది. అది కళ్లు కడుక్కోవడానికి. తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి ట్యాంకరు నీళ్లు పోయించి, వారానికోసారి మార్చండి.

మాస్కు గురించి అందరూ అడుగుతారు. తువ్వాలు, సర్జికల్ మాస్కు, ఎన్-95 ఇవేవీ క్లోరిన్‌నీ యాసిడ్ ఆవిరినీ ఆపవు. ఆ గ్యాసులకు తగిన కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. అది కూడా కొద్దిపాటి ఆవిరికే. పచ్చటి పొగ కనబడిందంటే ఏ మాస్కుతోనూ మనం లోపలికి వెళ్లే పని కాదు, అది ఫైర్ వాళ్ల పని.

## 5. దించేటప్పుడు, కలిపేటప్పుడు

ఒలకడం ఎక్కువగా ఆటోలోంచి దించేచోటే. మూడు సంగతులు చూసుకుంటే చాలావరకు గట్టెక్కుతారు.

1. దించకముందే క్యాను అడుగు, మూత చూడండి. అడుగు తడిగా ఉంటే దించొద్దు, అలాగే వెనక్కి పంపండి.
2. ఒక క్యానుకు ఇద్దరు మనుషులు. వీపు మీద, నెత్తి మీద వద్దు.
3. యాసిడ్, బ్లీచింగ్ ఒకే ట్రిప్పులో రాకూడదు. డీలరుకు ముందే చెప్పండి. కిరాయి రెండుసార్లు అవుతుంది, కానివ్వండి.

కలిపేటప్పుడు నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. బ్లీచింగ్ కూడా నిండా నీళ్లున్న పీపాలోకే కొద్దికొద్దిగా. మగ్గు, బకెట్ ఒక్కో మందుకు వేరువేరు. యాసిడ్‌కు ఎరుపు, బ్లీచింగ్‌కు తెలుపు, ఇలా రంగులు పెట్టేస్తే చదువు రానివాళ్లకు కూడా పొరపాటు రాదు.

గాలి వీపు మీదికి వచ్చేలా నిలబడండి. మధ్యాహ్నం పైరగాలి తిరిగాక మీరు పొద్దున నిలబడిన చోటు పనికిరాకపోవచ్చు. గట్టు మీద ఒక కర్రకు రిబ్బన్ కట్టి ఉంచండి.

## 6. ఒలికిన తొలి రెండు నిమిషాలు

ఈ వరుస మార్చకండి.

1. "ఒలికింది, బయటికి రండి" అని అరవండి. పిల్లలు, పక్క చెరువు కూలీలు ఉంటే వాళ్లనీ పంపండి.
2. మనిషి మీద పడిందా? పడితే ముందు మనిషి. కింద "మనిషి మీద పడితే" అన్న 10వ భాగం చూడండి.
3. గాలికి ఎదురు దిక్కుకు వెళ్లండి, గట్టు ఎక్కండి. క్లోరిన్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, పల్లంలో పేరుకుంటుంది. ఎండగట్టిన చెరువులోకి మాత్రం దిగొద్దు. కనీసం 50 మీటర్లు, సుమారుగా రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం.
4. బీడీ, పొయ్యి, వెల్డింగ్ ఆపండి.
5. ఏం ఒలికిందో చెప్పించండి. లేబుల్ దూరం నుంచి చదవండి, నోట్‌బుక్కు చూడండి. వంగి వాసన చూడకండి.
6. నిర్ణయం. 5 లీటర్ల లోపు, పొగ లేదు, పదార్థం తెలుసు, సామాను ఉంది, ఇద్దరున్నారు. ఇవన్నీ ఉంటేనే మీరు దిగాలి. ఒక్కటి తక్కువైనా 101కి, 112కి ఫోన్ చేయండి.

ఒక్కరే ఉన్నప్పుడు ఎంత చిన్న ఒలుకైనా ముట్టుకోవద్దు. రెండో మనిషి పని చేయనక్కర్లేదు, దూరంగా నిలబడి చూస్తుంటే చాలు.

## 7. ఏది ఒలికితే ఎలా ఎత్తాలి

### యాసిడ్

ఒకసారి ఉండి దగ్గర ఒక షెడ్డులో 35 లీటర్ల క్యాను దించుతుంటే అడుగు చిట్లింది. గచ్చు మీద నురగ, తెల్లటి ఆవిరి. కాపలా ఉండే పెద్దాయన బుర్ర ఉన్న మనిషి. యాసిడ్‌కు సున్నం విరుగుడని ఎక్కడో విన్నారు. పరిగెత్తుకెళ్లి ఒక బస్తా ఈడ్చుకొచ్చారు.

"బాబాయ్, ఆగండాగండి. ఏం బస్తా అది?"

"ఆయ్, సున్నమేనండి. చూడండి, బస్తా మీద రాసుంది."

బస్తా మీద సున్నమనే ఉంది. మూతి తాడు విప్పగానే ఈత కొలను వాసన గుప్పుమంది. బ్లీచింగ్ సంచి చిరిగితే ఎవరో ఖాళీ సున్నం బస్తాలోకి మార్చారు. ఇంకో పది సెకన్లు ఆలస్యమైతే మేమిద్దరం ఆ గదిలోంచి బయటకు నడిచి వచ్చేవాళ్లం కాదేమో. ఆ రోజు నుంచి నేను ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఖాళీ బస్తాలు ఏం చేస్తున్నారనే.

పద్ధతి ఇది:

1. గ్లవ్స్, అద్దాలు, బూట్లు. తలుపులన్నీ బార్లా తీయండి.
2. పొడి ఇసుకతో చుట్టూ కట్ట వేయండి. తూము వైపు, గుమ్మం వైపు ముందు.
3. అంచు నుంచి లోపలికి బైకార్బ్ కొద్దికొద్దిగా చల్లండి. నురగ వస్తుంది. తగ్గాక మళ్లీ చల్లండి. ఒక్కసారే గుమ్మరిస్తే నురగతోపాటు యాసిడ్ తుంపర్లు లేస్తాయి.
4. నురగ పూర్తిగా ఆగాక పీహెచ్ చూడండి. 6 నుంచి 9 మధ్యకు రావాలి.
5. ప్లాస్టిక్ పారతో ఎత్తి బకెట్లో వేయండి. ఆ తరవాతే నీళ్లతో కడగండి.

30 శాతం పైబడిన యాసిడ్ లీటరుకు బైకార్బ్ సుమారు కిలో పడుతుంది. సోడా యాష్ అయితే 600 నుంచి 700 గ్రాములు. అంటే క్యాను మొత్తం పోతే డ్రమ్ములోని 25 కిలోల బస్తా చాలదు. అప్పుడు ఇసుక కట్ట వేసి, ఉన్నదాన్ని ఆపి, ఫోన్ చేయడమే. వ్యవసాయ సున్నం (కాల్చని సున్నపురాయి) పొడి కూడా పనిచేస్తుంది. డోలమైట్ నెమ్మదిగా పనిచేస్తుంది. కాల్చిన సున్నం వాడొద్దు, వేడికి యాసిడ్ చిమ్ముతుంది. ఇనుప పార, ఇనుప తట్ట కూడా వద్దు.

### బ్లీచింగ్

పొడిగా ఉంటే పొడిగానే ఎత్తాలి. శుభ్రమైన ప్లాస్టిక్ చాట, పొడి చీపురు. గోనెసంచితో తుడవడం, తడిగుడ్డ వేయడం, ఊక చల్లడం మూడూ తప్పే. ఎత్తింది "బ్లీచింగ్‌కే" అని రాసిన పొడి బకెట్లో వేసి, మూత బిగించకుండా వదులుగా పెట్టండి. దుమ్ముతో కలిసినదాన్ని మళ్లీ మంచి బస్తాలో కలపకండి. వంద రూపాయల సరుకు మిగులుతుందని అలా చేస్తే బస్తా బస్తా వేడెక్కుతుంది.

ఎత్తగా మిగిలిన పొరను నీళ్లు ధారాళంగా పోసి కడగండి. ఆ కడుగు నీళ్లలో క్లోరిన్ కిట్ వేస్తే రంగు వస్తుంది కదా, హైపో కలిపితే పోతుంది. క్లోరిన్ బరువుకు సుమారు 7 రెట్లు హైపో లెక్క. హైపోను నీళ్లలోనే కలపాలి, పొడి బ్లీచింగ్ గుట్ట మీద నేరుగా చల్లొద్దు.

బస్తా తడిసి వేడెక్కుతూ పొగలు వస్తుంటే అది ఇక ఎత్తే సరుకు కాదు. పక్కనున్న మండే సరుకు తీయగలిగే దూరంలో ఉంటే తీసేయండి, లేకపోతే మీరు బయటకు వచ్చేయండి. కాసిని నీళ్లు చిలకరించడం అన్నిటికంటే చెడ్డది. పోస్తే పైపుతో, దూరం నుంచి, వరదలా పోయాలి. అది ఫైర్ ఇంజను చేసే పని.

### పెరాక్సైడ్, పర్మాంగనేట్

పెరాక్సైడ్‌కు నీళ్లే. ఒలికినదానికి కనీసం 20 రెట్లు నీళ్లు కొట్టండి. పలచబడితే నీరూ ఆక్సిజనూ అవుతుంది. గుడ్డ, ఊక, కాగితం, చెక్కపొట్టు దేంతోనూ అద్దకండి. తోలు చెప్పులు, నూలు గ్లవ్స్ తడిస్తే వెంటనే నీళ్లలో ముంచండి. ఆరిపోయాక అంటుకున్న సందర్భాలున్నాయి. చర్మం మీద పడి తెల్లమచ్చ వస్తే మంట లేకపోయినా కడుగుతూనే ఉండండి.

పర్మాంగనేట్ పొడిని పొడిగా ఎత్తి ప్లాస్టిక్ డబ్బాలో వేయండి.

### ఫార్మలిన్, గ్లూటరాల్డిహైడ్, బీకేసీ

ఫార్మలిన్‌తో ఇబ్బంది ఆవిరి. కళ్లు మండుతుంటే ఓర్చుకుని పనిచేయడం మగతనం అనుకుంటారు కొందరు. అది క్యాన్సర్ కలిగించే పదార్థమని రుజువైనది. తలుపులు తీసి, బయటకు వచ్చి, గాలి ఆడనిచ్చాక లోపలికి వెళ్లండి. జియోలైట్ గానీ పొడి ఇసుక గానీ మందంగా పరిచి, పీల్చుకున్నాక మూత ఉన్న బకెట్లోకి ఎత్తి బిగించండి. దీని మీద బ్లీచింగ్ చల్లితే వాసన పోతుందని చెప్పేవాళ్ల మాట వినకండి.

బీకేసీ జారుడు. ముందు జియోలైట్ వేసి, ఆ తరవాతే కాలు పెట్టండి. ఇది ఒలికి చెరువులోకి పోతే చేపకు, రొయ్యకు విషమే.

### పురుగు మందులు

డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, పసుపు దాని తరవాత, ఆపైన నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు అయితే చర్మానికి అంటినా లోపలికి ఇంకుతుంది. ఇసుకతో ఎత్తి, సబ్బు నీళ్లతో నేల కడిగి, ఆ నీళ్లను కూడా పట్టుకోండి. వేసుకున్న బట్టలు ఇంట్లో బట్టలతో కలపొద్దు.

### డీజిల్

ఇక్కడ ఊక వాడుకోండి. ఊకో, ఇసుకో, జియోలైటో ఏదైనా సరే. నీళ్లలోకి మాత్రం పోనివ్వకండి, చెంబెడు డీజిల్ చాలా దూరం పొరలా పాకుతుంది.

## 8. గ్యాస్ వచ్చేసిందనుకోండి

పసుపుపచ్చ పొగ, ముక్కు పగిలే ఘాటు. ఇక సామాను కోసం, ఫోన్ కోసం, బండి కోసం ఎవరూ లోపలికి వెళ్లొద్దు. గాలికి అడ్డంగా నడిచి, పొగ దారి తప్పించుకుని, తరవాత గాలికి ఎదురుగా వెళ్లండి. తడి తువ్వాలు ముక్కుకు పెట్టుకోవడం పరిగెత్తి బయటపడేదాకా ఏదో కాస్త, అంతకు మించి నమ్మొద్దు. పడిపోయినవాణ్ని ఎత్తుకురావడానికి ఒకరి వెనక ఒకరు దూకడంతోనే చావులు పెరుగుతాయి. సంపులోకి, గుంటలోకి అయితే అసలే వద్దు.

పొగ గాలికి వెళ్లే దిక్కున ఉన్న ఊరివైపు, పాకల వైపు వెంటనే కబురు పంపండి.

## 9. బోదెలోకి, కాలవలోకి పోతే

డెల్టాలో ఇదే అసలు తలనొప్పి. మీ బోదె పక్కవాళ్ల చెరువుకు పోతుంది, కాలవ నీళ్లు ఊరి మంచినీటి చెరువుకు పోతాయి. వేసవిలో కాలవలకు నీళ్లు ఆపే ముందు ఊళ్లన్నీ చెరువులు నింపుకునే రోజుల్లో అయితే మరీ జాగ్రత్త.

1. మీ మోటారు ఆపండి, తూము మూసి ఇసుక సంచులు వేయండి.
2. పక్క చెరువుల వాళ్లకు ఫోన్. "నీళ్లు తోడటం ఆపండి" అన్న ఒక్క మాట చాలు, కారణం తరవాత.
3. కాలవ లస్కరుకు, పంచాయతీకి చెప్పండి. మంచినీటి చెరువు తూము మూయించాలి.
4. ఉప్పుటేరు, పెద్ద డ్రెయిన్ల దగ్గరైతే ఆటుపోటు గుర్తుంచుకోండి. పోటు సమయంలో నీళ్లు వెనక్కి ఎక్కుతాయి. కింది వాళ్లకే కాదు, పై వాళ్లకూ చెప్పాలి.

పరువు పోతుందని దాచిపెట్టడం చూశాను. రెండు రోజుల తరవాత పక్కాయన చెరువులో రొయ్య తేలితే పరువూ పోయింది, నష్టపరిహారం పంచాయితీ కూడా నడిచింది.

## 10. మనిషి మీద పడితే

- కంట్లో పడితే: రెప్పలు విప్పి పట్టుకుని 15 నుంచి 20 నిమిషాలు ఆపకుండా నీళ్లు. గడియారం చూసుకోండి, రెండు నిమిషాలకే ఇరవై నిమిషాలైనట్టు ఉంటుంది. మంచినీళ్లు దూరంగా ఉంటే దగ్గరున్న నీళ్లతోనే మొదలుపెట్టండి.
- పొడి సున్నం, పొడి బ్లీచింగ్ ఒంటి మీద పడితే ముందు దులపండి, తరవాత కడగండి.
- తడిసిన బట్టలు కత్తిరించైనా తీసేయండి.
- ఒంటి మీద యాసిడ్‌కు సోడా రాయొద్దు. నీళ్లు మాత్రమే.
- మింగితే వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, పేడ నీళ్లు ఏవీ పట్టొద్దు. గొంతు కాల్చుకుంటూ దిగింది మళ్లీ కాల్చుకుంటూ పైకి వస్తుంది.
- గ్యాస్ పీల్చినవాళ్లను కూర్చోబెట్టి ఉంచండి, నడిపించొద్దు. బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తరవాత బయటపడుతుంది.

108కి ఫోన్ చేసేటప్పుడు పదార్థం పేరు చెప్పండి. డబ్బా లేబుల్ ఫొటో తీసి వెంట పంపండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117లో 24 గంటలూ సలహా ఇస్తుంది, ఆసుపత్రి డాక్టర్లు కూడా అడగొచ్చు.

## 11. ఎత్తినది ఏం చేయాలి

గట్టు పక్కన గొయ్యి తీసి పూడ్చడం మన దగ్గర కుదరదు. పైన చెప్పినట్టు రెండు మూడు అడుగుల్లోనే నీరు, అదే నీరు పక్కింటి చేతిపంపులో. తగలబెట్టడం అంతకంటే తప్పు.

బైకార్బ్‌తో విరిచిన యాసిడ్, పీహెచ్ సరిగా వచ్చాక ఉప్పునీళ్లతో సమానం. బాగా పలచన చేసి షెడ్డు చుట్టూ ఉన్న బీడు నేలలో వదలొచ్చు, బోదెలో వద్దు. ఫార్మలిన్, పురుగు మందు, బీకేసీ పీల్చిన ఇసుకను బకెట్లో బిగించి, పేరూ తేదీ రాసి, సరుకు అమ్మిన డీలరుతో మాట్లాడండి. తీసుకోనంటే జిల్లాలోని కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయాన్ని అడగండి. ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లే అనుమతి ఎవరికుందో వాళ్లు చెబుతారు. అప్పటిదాకా ఆ బకెట్లు షెడ్డులోనే, వేరే మూలన.

ఖాళీ క్యాన్లు మూడుసార్లు కడిగి, అడుగున మేకుతో రంధ్రం చేయండి. యాసిడ్ క్యానులో మంచినీళ్లు, ఫార్మలిన్ క్యానులో కల్లు పోసుకున్నవాళ్లను నేను చూశాను. ఖాళీ బస్తాలు కోసెయ్యండి. ఇంకో సరుకు పోసే అవకాశమే ఉండకూడదు.

## 12. తుపాను హెచ్చరిక వస్తే

షెడ్డు ముందు రోజే ఖాళీ చేయాలి. వరస ఇది:

1. నీళ్లు తగిలితే వేడెక్కేవి ముందు. కాల్చిన సున్నం, బ్లీచింగ్. ఎత్తున్న గదికి, వేరువేరు మూలలకు.
2. తరవాత పురుగు మందులు, ఫార్మలిన్.
3. ఆ తరవాత యాసిడ్, పెరాక్సైడ్. మూతలు చూసి, నిలబెట్టి, ఒకదానికొకటి దూరంగా.
4. నీలం డ్రమ్మును ఇంటికి తెచ్చుకోండి. వరద తీశాక మొదట కావలసింది అదే.
5. డీజిల్ పీపాలు మోసే టైము లేకపోతే మూతలు బిగించి స్తంభానికి తాడుతో కట్టండి. డీజిల్ నీళ్లకంటే తేలిక, నిండు పీపా అయినా తేలిపోతుంది.